జొన్నకూడు, హార్ట్‌నప్ కుటుంబం, ఒక చిన్న సీసా

మొన్న సంక్రాంతికి రామచంద్రపురం వెళ్లాను. అందరూ అరిసెల చుట్టూ ఉంటే మా బాబాయి కూతురు మాత్రం మేడమీద లాప్‌టాప్ ముందు మొహం వేలాడేసుకుని కూర్చుంది. తను హైదరాబాద్‌లో ఒక ల్యాబులో పనిచేస్తుంది. నన్ను చూడగానే, "అన్నయ్యా, నీ స్క్రిప్టులో ఏదో తప్పుంది. మూడు వారాల్నుంచీ గ్రాఫ్ లేవట్లేదు" అంది.

దసరాకి ఆ పైథాన్ స్క్రిప్టు రాసిచ్చింది నేనే కాబట్టి అనుమానం ముందు నామీదకే వచ్చిందన్నమాట. గంటసేపు చూశాను. స్క్రిప్టు శుభ్రంగా ఉంది. గ్రాఫే నిజంగా నేలమీద పాకుతోంది. మన వృత్తి అలవాటు ఉంటుంది కదా, "ఇంతకీ లోపలికి ఏం పంపిస్తున్నావు?" అని అడిగాను. ఒక సీసా ఫొటో చూపించింది. లేబుల్ మీద ఇలా ఉంది: రీకాంబినెంట్ హ్యూమన్ ఎస్‌ఎల్‌సీ6ఏ19 ప్రోటీన్, 10 మైక్రోగ్రాములు, పరిశోధనకి మాత్రమే. ధర అడిగితే నా నెల అద్దె కంటే ఎక్కువ చెప్పింది. ఒక బియ్యపు గింజ సుమారు 20 మిల్లీగ్రాములుంటుంది. అంటే ఆ సీసాలో ఉన్నది గింజలో రెండువేలో వంతు.

సీసాతో వచ్చిన కాగితం కూడా తెరిచి చదివాం. రెండో పేజీలో, కింద, చిన్న అక్షరాల్లో అసలు సంగతి ఉంది. ఆ ప్రోటీన్ పొడవు 634 అమైనో ఆమ్లాలు. వీళ్లు పంపింది అందులో ఒక ముక్క. యాంటీబాడీలు తయారు చేసుకోవడానికీ, పరీక్షించుకోవడానికీ అది చాలు. పని చేయించడానికి మాత్రం పనికిరాదు. మన భాషలో మాక్ ఆబ్జెక్ట్ అనుకోండి. ఇంటర్‌ఫేస్ పేరు అదే ఉంటుంది, కాల్ చేస్తే ఏమీ జరగదు. అమ్మినవాళ్లు అబద్ధం చెప్పలేదు, కాగితంలో రాశారు. లేబుల్ మీద మాత్రం రాయలేదు.

చెల్లి ఆ సప్లయర్‌ని తిట్టుకుంటూ కిందకి దిగిపోయింది. నాకు మాత్రం ఆ పేరు బుర్రలో ఉండిపోయింది. సెలవుల్లో వేరే పని లేదు, చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ కథ ఎక్కడెక్కడికో వెళ్లి చివరికి మన హైదరాబాద్ తార్నాకకీ, మా ఊరి రైసు మిల్లులకీ వచ్చి ఆగింది. అందుకే ఈ టపా.

ముందు ఈ ప్రోటీన్ చేసే పనేమిటో చెప్పేస్తాను. మనం తిన్న పప్పూ గుడ్డూ పేగులో అరిగి అమైనో ఆమ్లాలుగా విడిపోతాయి. అవి పేగు గోడలో ఉన్న కణాల్లోకి వాటంతటవి దూరలేవు, ఎందుకంటే కణం చుట్టూ ఉండేది కొవ్వు పొర. ఆ పొరలో తలుపులుంటాయి. ఈ ఎస్‌ఎల్‌సీ6ఏ19 అలాంటి ఒక తలుపు. పొరని 12 సార్లు అటూ ఇటూ కుట్టినట్టు దాటుతుంది. ల్యూసిన్, ట్రిప్టోఫాన్, ఫినైలాలనిన్ లాంటి విద్యుదావేశం లేని అమైనో ఆమ్లాలు ఎక్కువగా ఈ తలుపులోంచే తోసుకుంటూ వెళ్లాలి. కిడ్నీలో కూడా ఇదే తలుపు ఉంటుంది. మూత్రంలోకి జారిపోబోయే అమైనో ఆమ్లాల్ని వెనక్కి లాక్కొస్తుంది.

దీనికి ఇంకో పేరు బీ0ఏటీ1. ఆ బీ ఎందుకు, సున్నా ఎందుకు అంటే, అమెరికాలో హాల్వర్ క్రిస్టెన్‌సెన్ అనే బయోకెమిస్టు ఈ తలుపులన్నిటికీ ఒక పేర్ల పద్ధతి పెట్టాడు. బీ అంటే రకరకాల సరుకు మోసేది, సున్నా అంటే ఆవేశం లేనిది. తమాషా ఏంటంటే ఆయన పద్ధతిలో పెద్దక్షరం వాడితే సోడియం సాయంతో నడిచే తలుపు, చిన్నక్షరం వాడితే సోడియం అక్కర్లేని తలుపు. అంటే కేస్ సెన్సిటివ్! మళ్లీ దానికి కొన్ని మినహాయింపులు కూడా ఉన్నాయి. కోడింగ్ స్టాండర్డ్స్ ఎవరూ పూర్తిగా పాటించరనే జబ్బు మన ఒక్కళ్లదే కాదన్నమాట :)

సరే, చరిత్రకొద్దాం. ఈ తలుపుని ఎవరూ చూడకముందే, దానికి పేరు పెట్టకముందే, దానిగుండా వెళ్లాల్సిన సరుకు అందని మనుషులు ఉన్నారు. కథ వాళ్ల దగ్గర్నుంచి మొదలవుతుంది.

గోదావరి జిల్లాలవాళ్లకి మా తిండి మీద ఒక గర్వం ఉంటుందని మీకు తెలుసు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా వరే. జొన్నలు తినేవాళ్లంటే మా పెద్దవాళ్లకి ఎక్కడో కొంచెం చిన్నచూపు కూడా ఉండేది, ఒప్పుకోవాలి. కానీ వరి అన్నం తినే కోస్తాకి దాని జబ్బు దానికి ఉంది. దాని పేరు బెరిబెరి. కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, గుండె దెబ్బతిని మనిషి పోయేవాడు. 1835లోనే మాల్కంసన్ అనే సైనిక వైద్యుడు మద్రాసులో దీని మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా జిల్లాలే, ఈ జబ్బుకి పేరుపడ్డ చోటు. పచ్చి బియ్యాన్ని తెల్లగా మరపట్టేస్తే తవుడుతో పాటు థయామిన్ అనే విటమిన్ కూడా పోతుంది. వడ్లు ఉడకబెట్టి దంచే ఉప్పుడు బియ్యంలో ఆ విటమిన్ గింజలోపలికి దిగుతుంది కాబట్టి అవి తినేవాళ్లకి అంత ప్రమాదం లేదు. మా వైపు మిల్లులు ఉప్పుడు బియ్యం చేసి కేరళకి పంపిస్తాయి, మేం మాత్రం తెల్లటి పచ్చిబియ్యమే తింటాం. చూడండి ఎంత తెలివైనవాళ్లమో.

ఈ బెరిబెరి సంగతి తేల్చడానికే 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు నీలగిరుల్లోని కూనూరులో ఒక చిన్న విచారణ కేంద్రం మొదలుపెట్టాడు. పేరు కూడా బెరిబెరి ఎంక్వైరీ అనే. అదే పెరిగి పెరిగి 1958లో హైదరాబాద్‌కి మారి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాకలో ఉస్మానియా యూనివర్సిటీ పక్కన ఉంటుంది. నేను రెండేళ్లు రోజూ ఆ గేటు ముందునుంచే ఆఫీసు బస్సులో వెళ్లాను. లోపల ఏం చేస్తారో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

హైదరాబాద్ వచ్చాక ఆ సంస్థ ముందు వేరే జబ్బు నిలబడింది. దక్కన్ పీఠభూమిలో జొన్నే తిండిగా బతికే పేదలకి వచ్చే పెలగ్రా. ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి పగిలిపోతుంది. చేతులు, పాదాలు, మెడ. మెడ చుట్టూ కంటె పెట్టుకున్నట్టు మచ్చ వస్తుంది. దాన్ని ఇప్పటికీ కాసల్ కంటె అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు, 1735లో స్పెయిన్‌లో ఈ జబ్బుని మొదట గుర్తించిన డాక్టరు పేరుమీద. తర్వాత విరేచనాలు, ఆ తర్వాత మతి చలించడం, ఆఖరికి చావు.

పెలగ్రా కారణం అప్పటికే తెలిసిపోయిందని అందరూ అనుకున్నారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్న తినే పేదలకి వేలల్లో వచ్చేది. జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అది అంటువ్యాధి కాదు, తిండిలో లోపమని 1915లో మిసిసిపీ ఖైదీల మీద ప్రయోగం చేసి చూపించాడు. 1937లో కాన్రాడ్ ఎల్వెజెమ్ ఆ లోపించినది నియాసిన్ అని తేల్చాడు. నియాసిన్ తిండిలో నేరుగా దొరక్కపోయినా మన శరీరం ట్రిప్టోఫాన్ నుంచి చేసుకోగలదు. 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుంచి సుమారు 1 మిల్లీగ్రాము నియాసిన్ వస్తుంది. మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ తక్కువ, ఉన్న నియాసిన్ గింజకి కరుచుకుని ఉంటుంది. లెక్క సరిపోయింది.

కానీ జొన్న దగ్గర ఈ లెక్క తప్పింది. జొన్నలో ట్రిప్టోఫాన్ మొక్కజొన్నలో ఉన్నంత తక్కువేం కాదు. అయినా జొన్న తినేవాళ్లకి పెలగ్రా వస్తోంది. ఎందుకు? సంస్థలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య ఈ ప్రశ్న పట్టుకున్నారు. జొన్న ప్రోటీన్‌నీ మొక్కజొన్న ప్రోటీన్‌నీ పక్కపక్కన పెట్టి చూస్తే రెండిట్లోనూ ఒకటి విపరీతంగా ఎక్కువ కనబడింది. అది ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం. అంటే జబ్బు లేనిదానివల్ల మాత్రమే కాదు, ఎక్కువైనదానివల్ల కూడా కావచ్చు! పెలగ్రా రోగులకి ల్యూసిన్ ఇచ్చి చూస్తే నియాసిన్ తాలూకు లెక్కలు మూత్రంలో మారాయి. 1960లో 'లాన్సెట్' పత్రికలో "ల్యూసిన్, పెలగ్రా" అంటూ వ్యాసం వచ్చింది. తర్వాత భవాని బెలవాడీ, కమలా కృష్ణస్వామి లాంటివాళ్లు ఆ దారిలో చాలా దూరం వెళ్లారు. కుక్కలకి ల్యూసిన్ ఎక్కువున్న తిండి పెట్టి పెలగ్రా లాంటి జబ్బు తెప్పించారు. ఐసోల్యూసిన్ ఇస్తే తగ్గుతుందేమో చూశారు. ల్యూసిన్ తక్కువున్న జొన్న రకాల కోసం వెతికారు.

నాకు బాగా నచ్చింది ఆ ప్రశ్నే. అమెరికాలో సరిపోయిన జవాబుని అలాగే తెచ్చి ఇక్కడ అతికించేయకుండా, మన పళ్లెంలో ఉన్నది వేరు కదా అని ఆగడం. లైబ్రరీ డాక్యుమెంటేషన్ ఇలా ఉంది కాబట్టి నీ బగ్ అబద్ధం అనేవాళ్లని మనం రోజూ చూస్తాం కదా!

అయితే ఈ సిద్ధాంతం పూర్తిగా నిలబడిందా అంటే లేదు. 1970ల్లో, 80ల్లో వేరే దేశాల ల్యాబుల్లో కొందరికి అవే ఫలితాలు రాలేదు. ల్యూసిన్ ఒక్కటే పెలగ్రా తెప్పిస్తుందని ఇవాళ చెప్పడం కష్టం. నియాసినూ ట్రిప్టోఫానూ బొటాబొటీగా ఉన్న మనిషికి ల్యూసిన్ ఎక్కువైతే తూకం ఇంకా చెడొచ్చు, అంతవరకే. ఈ మాట దాచేసి "మనవాళ్లు కనిపెట్టేశారు" అని రాయడం నాకిష్టం లేదు. గోపాలన్ గారు 2019లో నూరేళ్లు దాటాక పోయారు. ఆయన గొప్పతనానికి ల్యూసిన్ సిద్ధాంతం గెలవాల్సిన అవసరం ఏమీ లేదు.

ఇప్పుడు లండన్ వెళదాం. తలుపు కథ అక్కడుంది.

1956లో అదే 'లాన్సెట్'లో ఐదుగురు డాక్టర్లు ఒక వింత కుటుంబం గురించి రాశారు. ఇంటిపేరు హార్ట్‌నప్. పిల్లల్లో కొందరికి ఎండకి చర్మం పెలగ్రాలాగే పగులుతోంది, ఉన్నట్టుండి నడక తూలుతోంది, మూత్రంలో అమైనో ఆమ్లాలు ధారాళంగా పోతున్నాయి. వాళ్లు తినేది జొన్నా కాదు, మొక్కజొన్నా కాదు. ఇంగ్లండులో అందరూ తినేదే తింటున్నారు. మరి పెలగ్రా ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

జవాబు 1960లో వచ్చింది. మిల్న్ అనే డాక్టరూ ఆయన సహచరులూ ఈ జబ్బున్నవాళ్లకి ట్రిప్టోఫాన్ తాగించి ఎటుపోతుందో వెంబడించారు. అది ఒంటికి పట్టకుండా పేగులోనే మిగిలిపోయి, అక్కడి బాక్టీరియా చేతిలో పడి వేరే పదార్థాలుగా మారి బయటపడుతోంది. తిండిలో సరుకు ఉంది, తలుపు తెరుచుకోవట్లేదు. కిడ్నీలోనూ అదే తలుపు కాబట్టి అక్కడా సరుకు కారిపోతోంది.

ఏడాది గమనించారా? 1960. తార్నాకలో ల్యూసిన్, లండన్‌లో ట్రిప్టోఫాన్. అదే ఏడాది ఆగస్టులో ప్రాగ్‌లో జరిగిన ఒక సదస్సులో రాబర్ట్ క్రేన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, పేగులో గ్లూకోజ్ సోడియంతో జతకట్టి లోపలికి వెళుతుందని బొమ్మ గీసి చూపించాడు. ఇవాళ విరేచనాలకి మనం తాగే ఓఆర్‌ఎస్ వెనకున్న సూత్రం అదే, అందుకే అందులో ఉప్పూ చక్కెరా రెండూ ఉంటాయి. మన అమైనో ఆమ్లాల తలుపు నడిచేది కూడా ఇదే సూత్రం మీద. బయట సోడియం ఎక్కువ, కణం లోపల తక్కువ. సోడియం లోపలికి దొర్లుతూ తనతో ఒక అమైనో ఆమ్లాన్ని లాక్కెళుతుంది. లోపలికొచ్చిన సోడియాన్ని మళ్లీ బయటికి తోడటానికి ఒక పంపు ఉంటుంది. ఆ పంపు తాగే పెట్రోలు ఏటీపీ.

ఏటీపీ అనగానే ఒక్క నిమిషం ఆగాలి. 1929లో దాన్ని కనుక్కున్నది జర్మనీలో కార్ల్ లోమాన్, విడిగా అమెరికాలో సైరస్ ఫిస్కే, యల్లాప్రగడ సుబ్బారావు. సుబ్బారావు గారు పుట్టింది భీమవరం, చదివిన ఊళ్లలో రాజమండ్రి ఒకటి. మావైపు ఇంటింటా భయపెట్టిన బోదకాలుకి మందు తయారు చేసిన బృందాన్ని నడిపించింది కూడా ఆయనే. ఆయన గురించి రాయడం మొదలుపెడితే ఇది వేరే టపా అయిపోతుంది, కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

సరే, తలుపు విరిగితే పెలగ్రా వస్తుందని తేలింది. మనం ఇక్కడే ఆగితే పెలగ్రా అంటే జన్యువుల జబ్బని అనిపిస్తుంది. నాకు బాగా పట్టుకున్న మలుపు దీని తర్వాతది.

కెనడాలోని క్యూబెక్‌లో పుట్టిన పిల్లలందరి మూత్రాన్నీ పరీక్షించే పద్ధతి ఉండేది. దాంతో హార్ట్‌నప్ లోపం ఉన్న పిల్లలు చాలామంది జబ్బు కనబడకముందే దొరికారు. చార్లెస్ స్క్రైవర్ బృందం వాళ్లని ఏళ్ల తరబడి గమనించి 1987లో రాసింది. తలుపు విరిగిన పిల్లల్లో ఎక్కువమందికి ఏ జబ్బూ రాలేదు. శుభ్రంగా పెరిగారు. కారణం ఊహించడం కష్టం కాదు. ప్రోటీన్ పేగులో పూర్తిగా విడి అమైనో ఆమ్లాలు అయ్యేదాకా ఆగక్కర్లేదు, రెండుమూడు కలిసి ఉన్న ముక్కలుగా కూడా లోపలికి వెళ్లగలదు. వాటికి వేరే తలుపు ఉంది. పళ్లెంలో మాంసం, పాలు, గుడ్లు పుష్కలంగా ఉంటే ఈ పక్క తలుపు గుండా వెళ్లేదే సరిపోతుంది. తిండి తగ్గినప్పుడో, జ్వరం వచ్చి తినలేనప్పుడో విరిగిన తలుపు బయటపడుతుంది.

ఇటు చూడండి. తెలంగాణ మెట్టలో జొన్నకూడు తిని పెలగ్రా తెచ్చుకున్న కూలీకి తలుపులన్నీ బాగానే ఉన్నాయి. పళ్లెం ఖాళీ. క్యూబెక్ పిల్లవాడికి తలుపు పుట్టుకతోనే లేదు, పళ్లెం నిండుగా ఉంది. జబ్బు ఎవరికొచ్చిందో చూశాం. నా వరకూ ఈ కథంతటిలో దీన్ని మించిన ప్రయోగఫలితం లేదు. దీన్ని కావాలని ఎవరూ చేయలేదు కూడా.

మరి దక్కన్‌లో పెలగ్రా ఏమైంది? ఏ మందువల్లో పోలేదు. తర్వాతి దశాబ్దాల్లో జనం తిండిలో జొన్న వాటా తగ్గిపోయింది, వరీ పప్పూ పాలూ కొంచెం కొంచెంగా వచ్చాయి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం పెట్టిన కిలో 2 రూపాయల బియ్యం కూడా ఈ మార్పుని తొందరపెట్టిందని నా అభిప్రాయం. పథకం పెట్టినవాళ్ల మనసులో పెలగ్రా ఉండి ఉండదు, ఆకలే ఉంటుంది. మా తాతయ్య రామచంద్రపురంలో ఒక మిల్లులో గుమాస్తాగా చేసేవారు. లెవీ బియ్యం లారీలు వరసగా కదలడం, బస్తాల లెక్క తప్పితే రాత్రి దాకా కూర్చోవడం, ఈ కబుర్లు చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో. ఆ బియ్యం ఎటు పోతుందో, ఎవరి పళ్లెంలో దేని బదులు చేరుతుందో ఆయనకి తెలిసే అవకాశం లేదు. తెల్లబియ్యం కూడా గొప్ప తిండేం కాదని బెరిబెరి దగ్గరే చెప్పుకున్నాం. ఒకే గింజ మీద బతకాల్సి రావడం అసలు బాధ, ఆ గింజ ఏదైనా సరే.

(హైదరాబాద్‌లో రోడ్డుపక్కన జొన్నరొట్టెలు కట్టించుకునే మిత్రులు కంగారు పడకండి. పప్పు, కూర, గుడ్డు పక్కన పెట్టుకుని తినే రొట్టెకి పెలగ్రా రాదు. నేనూ తింటాను. మా నాయనమ్మకి ఇది ఇప్పటికీ అర్థం కాదు. "ఒరేయ్, అంత జీతం తెచ్చుకుని జొన్నరొట్టె తింటావేంట్రా" అంటుంది.)

మళ్లీ తలుపు దగ్గరికి. జబ్బుని వర్ణించిన 48 ఏళ్లకి, 2004లో, దాని జన్యువు దొరికింది. ఆస్ట్రేలియాలో స్టెఫాన్ బ్రోయర్, జాన్ రాస్కోల బృందమూ, అమెరికా, యూరప్ శాస్త్రవేత్తల ఇంకో బృందమూ ఒకే పత్రికలో పక్కపక్కన ప్రకటించాయి. అదే ఎస్‌ఎల్‌సీ6ఏ19, అయిదో క్రోమోజోము మీద ఉంది. తర్వాత నాలుగైదేళ్లలో మరో విషయం తేలింది. ఈ తలుపు ఒంటరిగా నిలబడదు. దీనికి చౌకట్టు లాంటి తోడు ఇంకో ప్రోటీన్ కావాలి. కిడ్నీలో ఒకటి, పేగులో ఇంకొకటి. పేగులో తోడుండే ఆ ప్రోటీన్ పేరు ఏస్2.

అవును, మీరు 2020లో టీవీలో వందసార్లు విన్న ఏస్2నే. కరోనా వైరస్ పట్టుకునే కొక్కెం. అది లోకానికి తెలియడానికి చాలా ముందే, 2012లో, ఏస్2 లేని ఎలుకలకి పేగు పుండ్లు పడతాయనీ, వాటికి ట్రిప్టోఫాన్‌ని జంటగా కట్టి ఇస్తేనో, నియాసిన్ జాతి విటమిన్ ఇస్తేనో తగ్గుతాయనీ 'నేచర్'లో వచ్చింది. ఎల్వెజెమ్ విటమినూ, మిల్న్ ట్రిప్టోఫానూ మళ్లీ ఒకే వాక్యంలో కలిశాయి.

2020 మార్చిలో చైనాలోని హాంగ్‌జౌలో ఛియాంగ్ జౌ బృందం పూర్తి ఏస్2 ఆకారాన్ని మొదటిసారి ప్రపంచానికి చూపించింది. ఎలా చూపించారో తెలుసా? ఏస్2ని విడిగా పట్టుకోవడం కష్టమని, దాన్ని మన బీ0ఏటీ1తో జతచేసి, ఆ జంటని గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టారు. కరోనా మొదటి నెలల్లో వైరస్ ఎక్కడ కరుచుకుంటుందో చూపించిన ఆ ఫొటోలో కింద పొరలో పాతుకుని నిలబడ్డది హార్ట్‌నప్ పిల్లల్లో పనిచెయ్యని తలుపే.

అది మనిషి పేగులోంచి తీసినది కాదు. ఇక్కడే 'రీకాంబినెంట్' అన్న మాట వస్తుంది. మనిషి జన్యువుని వేరే కణంలో పెట్టి, ఆ కణం చేత ఆ ప్రోటీన్ చేయించడం. 1973లో కోహెన్, బోయర్ ఈ దారి తెరిచారు. 1978లో బాక్టీరియా చేత మనిషి ఇన్సులిన్ చేయించారు, 1982లో అది మందుల షాపుకొచ్చింది. మన దగ్గర 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకాని ఈస్ట్ కణాల్లో చేసి, దిగుమతి టీకా ధరలో చిన్న వంతుకి అమ్మింది. వరప్రసాద్ రెడ్డి గారి ఆ కథ మీలో చాలామందికి తెలుసు.

మరి ఇన్సులిన్ అంత చవగ్గా దొరుకుతుంటే చెల్లి సీసాకి అంత ధరేమిటి? ఇన్సులిన్ నీళ్లలో కరిగే చిన్న ప్రోటీన్. తలుపు అలా కాదు, దాని ఒళ్లంతా కొవ్వులో ఉండటానికే తయారైంది. ఆవకాయ జాడీలో నూనెలో మునిగున్న ముక్కని తీసి మంచినీళ్లలో వేస్తే ఎలా ఉంటుందో, పొరలోంచి బయటికి తీసిన తలుపు అలా అయిపోతుంది. బాక్టీరియాలో చేయిద్దామంటే చాలాసార్లు మడత సరిగ్గా పడదు, ముద్దైపోతుంది. అందుకని మనిషి కణాలే వాడతారు. ఎక్కువగా వాడేది హెక్ 293 అనే రకం. 1973లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఫ్రాంక్ గ్రాహం తయారు చేశాడు. పిండపు కిడ్నీ కణాల నుంచి వచ్చింది, 293 అనేది ఆయన ప్రయోగం నంబరు. అంటే బిల్డ్ నంబరే పేరైపోయింది. ఆ కణాల్లో తలుపుని చేయించి, సబ్బులాంటి పదార్థంతో జాగ్రత్తగా పొరలోంచి ఊడదీసి, చివర కట్టిన తోక పట్టుకుని శుద్ధి చేస్తారు. అన్నీ చేశాక కూడా అది నిజంగా తెరుచుకుంటుందో లేదో మళ్లీ చూసుకోవాలి. ఇంత తలనొప్పి ఎందుకని చాలామంది అమ్మకందార్లు ముక్కలే అమ్ముతారు. కాబట్టి కొనేవాళ్లు "పూర్తి పొడవా, ఏ కణంలో చేశారు, రవాణా జరుగుతోందని పరీక్షించారా" అనే మూడూ అడగకుండా కార్డు గీకకూడదు. చెల్లి అడగలేదు. నేనైనా అడిగేవాణ్ణి కాదేమో.

ఇంతకీ చెల్లికి ఈ తలుపుతో పనేంటంటే, దాన్ని మూయాలి. బాగుచేయడం కాదు, మూయడమే! ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుజబ్బులో ఫినైలాలనిన్ రక్తంలో పేరుకుపోయి పిల్లల మెదడు పాడవుతుంది. కిడ్నీలో ఈ తలుపుని మందుతో మూసేస్తే ఆ ఎక్కువైనది మూత్రంలో పోతుంది కదా అన్నది ఆలోచన. అంటే హార్ట్‌నప్ లోపాన్ని మందుబిళ్లతో కావాలని తెప్పించడం. అలా చేసినా ప్రమాదం ఉండదేమో అనే ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చింది? తలుపు లేకుండానే శుభ్రంగా పెరిగిన క్యూబెక్ పిల్లల లాంటివాళ్ల నుంచే. ఎలుకల మీద పనిచేసింది, మనుషుల మీద కూడా పరీక్షలు నడిచాయి. మందు మార్కెట్లోకొచ్చి, మన దగ్గర ఎవరికి అందుతుందో అది వేరే సంగతి. ఆ మందు వేసుకునే పిల్లవాడి పళ్లెం మాత్రం జాగ్రత్తగా చూడాల్సి వస్తుంది.

కనుమ మర్నాడు ఇద్దరం ఒకే బస్సులో హైదరాబాద్ వచ్చేశాం. దారిలో తను ఆ సప్లయర్‌కి మెయిలు రాసింది, నేను భాష మెత్తబరిచాను. డబ్బు వెనక్కి రాలేదు. తనే సొంతంగా మొదలుపెట్టింది. హెక్ కణాలు పెంచి, పూర్తి 634 ఉన్న జన్యువునీ, దానికి తోడుండే ప్రోటీన్ జన్యువునీ రెండూ కలిపి అందులో పెట్టింది. రెండు నెలలు పట్టింది. మధ్యలో ఒకసారి మొత్తం కణాలకి ఫంగస్ పట్టి పారబోయాల్సి వచ్చింది, ఆ వారం ఫోన్ ఎత్తలేదు.

పోయిన ఆదివారం పొద్దున్నే వాట్సాప్‌లో గ్రాఫ్ వచ్చింది. నా స్క్రిప్టే, అదే నీలం గీత. ఈసారి నేలమీంచి లేచి, పైకెళ్లి, ఒకచోట నిలబడింది. తోడు లేని కణాల గీత కింద ఎర్రగా పడుకునుంది. "దేన్ని లోపలికి పంపించావు?" అని అడిగాను.

"ల్యూసిన్ అన్నయ్యా" అంది.